ఒకటో తారీఖు జీతం వదిలి సొంత పనిలోకి: గోదావరి జిల్లాల వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల ప్లాంటులో నేను తొమ్మిదేళ్లు కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. పదకొండు నెలలకోసారి కాగితం మారేది. కొత్త కాగితం చేతికొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ మనసు మనసులో ఉండేది కాదు. 2021లో మానేసి ఉండి దగ్గర రోడ్డు పక్కన మోటార్ల వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకి రాగి తీగ కొత్తగా చుట్టే షాపు, పెట్టుకున్నాను. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతే మా దగ్గరికి వస్తాయి. అప్పటి నుంచి పాత ప్లాంటు కుర్రాళ్లు, వాళ్ల బంధువులు, ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లాక ఈ ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి, ఎందుకంటే మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా అన్నీ ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది. నా షాపు సంగతులే ఎక్కువ ఉంటాయి, నాకు లోతుగా తెలిసింది అదే కాబట్టి.

మానేయాల్సిన టైము వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కోపం వచ్చిన రోజు మాత్రం కాదు. సూపర్‌వైజరు నలుగురిలో మాట అన్నాడనో, ఓటీ డబ్బులు ఎగ్గొట్టారనో ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకుని వచ్చేసినవాళ్లని ముగ్గుర్ని చూశాను. ముగ్గురూ ఏడాది తిరక్కుండానే ఇంకో ప్లాంటులో ఇంకా తక్కువ జీతానికి చేరారు. నేను చూసుకున్న గుర్తులు వేరు. జీతం ఒకటో తారీఖు నుంచి ఏడుకి, ఏడు నుంచి పదిహేనుకి జరగడం. మానేసినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తీసుకోకపోవడం. జీతంలో పీఎఫ్ కోస్తున్నా పాస్‌బుక్కులో పడకపోవడం. ఈ మూడూ కనిపించాయంటే రేపో మాపో మనల్ని పంపించేస్తారనే అర్థం, మనమూ సిద్ధపడాలి.

సిద్ధపడటం అంటే వెంటనే మానేయడం కాదు. నేను పద్నాలుగు నెలలు ఆదివారాలూ, డ్యూటీ అయ్యాక సాయంత్రాలూ మా ఇంటి వరండాలోనే మోటార్లు చుట్టాను. మొదట్లో వచ్చినవన్నీ బంధువులవి, స్నేహితులవి. ఆ పని లెక్కలోకి తీసుకోకండి. మనకి ముఖపరిచయం కూడా లేని మనిషి, ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చి, డబ్బులిచ్చి వెళ్లి, నెల తర్వాత రెండో మోటారు తెచ్చాడు చూడండి, అదీ లెక్క. అలాంటివాళ్లు నెలకి పది పన్నెండు మంది తేలాకే నేను రాజీనామా లెటరు రాశాను.

చేతిలో ఎంత డబ్బుంటే మానేయొచ్చు?

మూడు నెలల ఖర్చు ఉంటే చాలని చాలామంది అంటారు. హైదరాబాదులో చాలుతుందేమో కానీ ఇక్కడ చాలదు. మన దగ్గర డబ్బు నెలనెలా రాదు, పంటకి వస్తుంది. వరిలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలు ఏప్రిల్‌కి అటూ ఇటూ. వెనామీ రొయ్య అయితే పిల్ల వదిలిన మూడు నాలుగు నెలలకి పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం. కిరాణా కొట్టయినా, టైలరైనా, మెకానిక్కయినా, ఆ డబ్బు బయటికొచ్చినప్పుడే వాళ్ల చేతిలో డబ్బు ఆడుతుంది, మధ్యలో ఊరంతా ఖాతా మీదే నడుస్తుంది. కానీ జీతానికి అలవాటుపడ్డ ఇల్లు ముప్పై రోజుల లెక్కన ఖర్చు పెడుతుంది: పాలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, చిట్టీ. వచ్చేది పంట లెక్క, పోయేది నెల లెక్క. సొంత పనిలోకి వచ్చి దెబ్బతిన్నవాళ్లలో నేను దగ్గర్నుంచి చూసిన అందరికీ పని ఉంది, పుస్తకం నిండా రావాల్సిన డబ్బులూ ఉన్నాయి, ఒకటో తారీఖున ఇంటద్దె కట్టడానికి మాత్రం లేవు.

అందుకని ఒక పంట మొత్తం పోయినా ఇల్లు నడిచేంత, అంటే ఎనిమిది నెలల ఇంటి ఖర్చు, పక్కన పెట్టుకున్నాకే మానేయమంటాను. షాపు పెట్టుబడి కాకుండా ఇది. మా ఇంటికి అప్పట్లో నెలకి 16 వేలు అయ్యేది, 1 లక్షా 30 వేలు వేరే ఖాతాలో వేసి ఏటీఎం కార్డు మా ఆవిడకి ఇచ్చేశాను. షాపు అడ్వాన్సు, షాపు మీటరు, కాయిల్ చుట్టే మెషిను, రాగి తీగ, వార్నిష్, ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గరు, చేతి సామాన్లు అన్నీ కలిపి 1 లక్షా 70 వేలయింది. గాజు టేబులు, రంగుల బోర్డు మొదటి ఏడాది పెట్టలేదు. కాలిన మోటారు తెచ్చేవాడు బోర్డు చూసి రాడు.

ఇప్పటికీ మా ఇంట్లో ఒకటో తారీఖున జీతం వస్తుంది, ఇచ్చేది షాపు. పట్టుబడుల టైములో ఎంత వచ్చినా షాపు ఖాతాలోనే ఉంటుంది, ఇంటి ఖాతాకి ఒకటినే, అనుకున్నంతే వెళ్తుంది.

అరువు ఇవ్వనంటే ఎవరూ రారు, ఇస్తే డబ్బులు రావు. ఏం చేయాలి?

ఇది తేల్చుకుంటే మిగతావన్నీ చిన్న విషయాలే. మొదటి ఏడాది నేను ఎవరినీ కాదనలేకపోయాను. "పట్టుబడి అయ్యాక ఇస్తాలే తమ్ముడూ" అన్న ప్రతి మనిషికీ తలూపాను. పది నెలలు తిరిగేసరికి పుస్తకంలో 2 లక్షల 40 వేలు ఉన్నాయి, రాగి తీగ కొనడానికి జేబులో డబ్బుల్లేవు. తీగ అమ్మే ఆయన నాకు అరువివ్వడు, రాగి రేటు ఎప్పటికప్పుడు మారిపోతుంటుంది కాబట్టి ఆయనకి నగదే కావాలి. ఒక రాత్రి మా ఆవిడ పుస్తకం ముందేసుకుని లెక్క కట్టి, "మీరు మోటార్లు చుట్టట్లేదండీ, నగదు పెట్టి కొన్న రాగిని ఊరందరికీ వడ్డీ లేని అప్పుగా ఇస్తున్నారు" అంది. అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

మర్నాటి నుంచి బిల్లు రెండుగా రాయడం మొదలుపెట్టాం. సామాను ఒక వరస, కూలి ఒక వరస. తీగ, బేరింగులు, ఆయిల్ సీలు, వార్నిష్ డబ్బులు మోటారు దించినప్పుడే ఇవ్వాలి, కూలి మాత్రం పట్టుబడి దాకా ఆగుతాను. అందరూ ఒప్పుకోలేదు. కొందరు వేరే షాపుకి వెళ్లారు, వాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. కానీ ఇప్పుడు అరువు మునిగినా పోయేది నా కష్టం, నా పెట్టుబడి కాదు. ఏ పనికైనా ఇది పెట్టుకోవచ్చు: టైలరైతే లైనింగు, దారం డబ్బులు ముందు, వంటమేస్త్రీ అయితే సరుకుల డబ్బులు ముందు.

అరువిచ్చేముందు చెరువు సొంతమా లీజా అని కూడా చూడండి. లీజుకి చేసే ఆయన చెడ్డవాడని కాదు, ఆయనకి పట్టుబడి డబ్బు రాగానే ముందు మేత బాకీ, తర్వాత లీజు, మన వంతు అన్నిటికన్నా చివర. నష్టమొస్తే ఆ చెరువు వదిలేసి వేరే మండలం వెళ్లిపోతారు. వసూలుకి పట్టుబడి రోజు చెరువు గట్టు మీదకి వెళ్లకండి, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత పడిందో, రేటు ఎంత కోశారో అని ఆయన టెన్షన్ ఆయనకి ఉంటుంది. మూడు నాలుగు రోజులు ఆగి పొద్దున్నే ఇంటికెళ్లి పుస్తకం చూపించండి. ఫోన్లో అడిగితే "చూద్దామండి" అంటారు, గుమ్మంలో నిలబడితే లోపలికెళ్లి ఎంతో కొంత తెస్తారు. ఎంత తెచ్చినా ఆయన కళ్లముందే పుస్తకంలో రాసి, సంతకం పెట్టించుకోండి.

పీఎఫ్ మొత్తం తీసేసి షాపులో పెట్టనా?

వద్దు. అసలు ముందు ఎంత ఉందో చూసుకోండి. నాకు ఎనిమిది నెలల చందా జీతంలోంచి కోశారు కానీ మా కాంట్రాక్టరు జమ చేయలేదు. మానేశాక తెలిసింది, పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టి ఏడాది పైన తిరిగాను. పేస్లిప్పులు దాచుకున్నాను కాబట్టే ఆ డబ్బు వచ్చింది. ఉద్యోగంలో ఉండగానే ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి నెలనెలా చూసుకోండి. బేసిక్, డీఏల మీద మీ వాటా 12 శాతం పడాలి.

ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ డబ్బు ఆదాయపన్ను లెక్కలోకి వస్తుంది. అంతకన్నా ముఖ్యం పెన్షను. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లు నిండాక నెలనెలా వస్తుంది. పదేళ్లలోపు మానేసినవాళ్లు ఆ భాగం కూడా తీసేసుకోవచ్చు, లేదంటే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసుని అలాగే నిలబెట్టుకోవచ్చు. నేను సర్టిఫికెట్టే తీసుకున్నాను. ఎప్పుడైనా పీఎఫ్ ఉన్న పనిలో మళ్లీ చేరాల్సి వస్తే నా తొమ్మిదేళ్లూ దానికి కలుస్తాయి. మీకు తొమ్మిదేళ్లు దగ్గర పడితే క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కేసుకున్నాకే లెటరివ్వండి.

మానేశాక పాత యజమాని ఎగ్జిట్ తేదీ వేయాలి. వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ వాళ్ల యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

గ్రాట్యుటీ వస్తుందా?

ఒకే యజమాని దగ్గర వరసగా ఐదేళ్లు చేసినవాళ్లకి వస్తుంది, ఇన్నాళ్లకి అని గడువు రాసిన కాగితం మీద యజమాని దగ్గర నేరుగా చేసేవాళ్లకి 2025 నవంబరు నుంచి ఏడాది చాలు. చివరి బేసిక్, డీఏలని 26తో భాగించి, 15తో హెచ్చించి, ఎన్నేళ్లు చేశారో దాంతో హెచ్చించాలి. 13 వేల మీద ఆరేళ్లంటే 45 వేలు. వాళ్లు ఇస్తారులే అని ఊరుకోకండి, దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఈఎస్ఐ పోతే ఆసుపత్రికి ఏం చేయాలి?

మానేసిన రోజే ఈఎస్ఐ ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకి మరుసటి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా వైద్యం ఉంటుంది. ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. ఇంట్లో ఆపరేషనో కాన్పో ఉంటే ఈ తేదీలు చూసుకుని మానేయండి. ఆ తర్వాతకి మీ కుటుంబం ఎన్టీఆర్ వైద్య సేవలోకి (పాత ఆరోగ్యశ్రీ) వస్తుందో లేదో సచివాలయంలో ముందే కనుక్కోండి. ప్రధానమంత్రి పథకాల్లో ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా 436 రూపాయలు, ఒక్కోటీ 2 లక్షలకి, రెండూ బ్యాంకు ఖాతాలోంచే కట్ అవుతాయి. మాది కరెంటుతో పని, ఈ రెండూ ఒక్క ఏడాది కూడా వదల్లేదు.

లోను ఎక్కడ అడగాలి? సబ్సిడీ వస్తుందా?

ఇందులో నేను ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. ముందు షాపు తెరిచి తర్వాత సబ్సిడీ అడిగాను. పీఎంఈజీపీ, అంటే సొంత పని పెట్టుకునేవాళ్లకి లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం, కొత్తగా పెట్టేవాటికే ఇస్తారు, అప్పటికే నడుస్తున్నదానికి ఇవ్వరు. కాబట్టి షట్టరు తెరవకముందే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, ఆ ఏడాది పథకం ఎలా నడుస్తోందో కనుక్కోండి. పల్లెల్లో జనరల్ వాళ్లకి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, ఆడవాళ్లకీ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకీ 35 శాతం సబ్సిడీ. టౌన్లలో 15, 25. తయారీ అయితే 50 లక్షల ప్రాజెక్టు దాకా, సర్వీసు అయితే 20 లక్షల దాకా. సబ్సిడీ మన చేతికివ్వరు, మూడేళ్లు బ్యాంకులోనే ఉంచి తర్వాత లోనుకి జమ వేస్తారు. ఈ ముక్క తెలియక చాలామంది ఆ డబ్బుతో సామాన్లు కొందామని ప్లాను వేసుకుని ఇబ్బంది పడుతున్నారు.

తినే పదార్థాలు చేసేవాళ్లకి, అంటే పూతరేకులు, కాజాలు, పచ్చళ్లు, కొబ్బరి సరుకు, పీఎంఎఫ్ఎంఈ అని వేరే కేంద్ర పథకం ఉంది, అదీ ఆ ఏడాది నడుస్తోందో లేదో కనుక్కోండి, 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకి మించదు.

సబ్సిడీ లేకుండా మామూలు లోను కావాలంటే బ్యాంకుల్లో ముద్రా లోను. శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా, తాకట్టు అక్కర్లేదు. నేను రెండో ఏడు లక్షన్నర తీసుకున్నాను. మేనేజరు గారు అడిగింది ఒక్కటే, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. అందుకే మొదటి రోజు నుంచీ షాపు పేరు మీద వేరే ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. నగదు తీసుకున్నా సాయంత్రం ఖాతాలో వేయండి. పని ఇంకా సరిగ్గా రానివాళ్లు జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకి వెళ్లండి, భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు.

బయట వడ్డీకి తెచ్చి మొదలుపెట్టొచ్చా?

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకి నెలకి 2 వేలు, ఏడాదికి 24 వేలు. నెలనెలా కట్టాలి, మన డబ్బు పంటకి వస్తుంది. ఈ రెండూ కుదరవు. రోజువారీ ఫైనాన్సు జోలికి అసలు వెళ్లకండి. 10 వేలు రాయించుకుని 9 వేలు చేతిలో పెట్టి, రోజుకి 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. మర్నాటి నుంచే తిరిగి కడుతుంటాం కాబట్టి సగటున మన దగ్గర ఉండేది నాలుగున్నర వేలే, దాని మీద వంద రోజులకి వెయ్యి రూపాయల వడ్డీ. తప్పదంటే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడుకున్నాకే.

జీఎస్టీ, లైసెన్సులు ఏం కావాలి?

రిపేరు లాంటి సర్వీసు పనులకి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు, సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో 40 లక్షలు. కానీ వేరే రాష్ట్రానికి సరుకు పంపితే, ఎంత చిన్న వ్యాపారమైనా ముందు జీఎస్టీ నంబరు తీసుకోవాలి. ఇది మనవాళ్లకి చాలా ముఖ్యం, ఎందుకంటే హైదరాబాదు ఇప్పుడు వేరే రాష్ట్రం. పూతరేకుల పార్సిళ్లు సగం అక్కడికే పోతుంటాయి. యానాం కూడా అంతే, మన మధ్యలోనే ఉన్నా పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడికి డెలివరీ ఇస్తే వేరే రాష్ట్రానికి పంపినట్టే.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్‌తో ప్రభుత్వ సైటులో పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసేయండి. తినే పదార్థాలైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు, చిన్నవాళ్లకి ఏడాదికి 100 రూపాయలు. పంచాయతీ ట్రేడ్ లైసెన్సు, షాపు మీటరు. ఇంటి మీటరు మీద షాపు నడిపి దొరికితే కట్టే జరిమానాకి రెండేళ్ల బిల్లు కట్టుకోవచ్చు.

ఇక్కడ ఏ పని పెట్టుకుంటే నడుస్తుంది?

ఇది ఎక్కువమంది అడుగుతారు, నేను పేరు పెట్టి చెప్పను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, కడియం నర్సరీలకి దేశమంతా పేరు, నర్సాపురం లేసు, అంబాజీపేట కొబ్బరి కూడా అంతే. కానీ అవి తరతరాలుగా చేస్తున్న ఇళ్లు. కుండ మీద రేకు తీయడం చూడటానికి తేలిక, చేత్తో గుడ్డ లాగి చూస్తే తెలుస్తుంది.

మీ ఊళ్లో ఏది పాడైతే జనం దూరం మోసుకెళ్తున్నారో చూడండి. నేను మానేయకముందు నాలుగు ఆదివారాలు చెరువు గట్ల మీద తిరిగి ఒకటే అడిగాను, మోటారు కాలితే ఎక్కడికి తీసుకెళ్తారు, ఎన్ని రోజులకి వస్తుంది అని. భీమవరం అన్నారు, రెండు రోజులన్నారు, సీజన్లో మూడు నాలుగన్నారు. నాకు ఆ ఒక్క జవాబు చాలింది.

ఇంకో మాట, ఒకే కొమ్మ పట్టుకుని వేలాడకండి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వేయలేదు. రైతు ఊరుకుంటే ఊళ్లో మన షాపులన్నీ ఊరుకున్నట్టే. రొయ్య రేటు పడినప్పుడు నాకు ఫ్యాన్లు, మిక్సీలు, వరిచేల మోటార్లు ఇల్లు గడుపుతాయి. వాటిలో మిగిలేది తక్కువ, అయినా ఒక్కటీ వెనక్కి పంపను.

రాత్రిపూట ఫోన్లు ఎత్తాలా?

మీ పనిని బట్టి. నా పనిలో ఎత్తాలి. చెరువు నీళ్లలో పాచి పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ఆక్సిజన్ తీసుకుంటుంది, తెల్లవారుజాముకి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైములో ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది, గంటల్లో పంట పోతుంది.

మొదటి వర్షాకాలంలో ఒక రాత్రి రెండున్నరకి ఒకాయన బండి వెనక గోనెసంచి మీద మోటారు కట్టుకుని వచ్చాడు. దించితే ఇంకా నీళ్లు కారుతున్నాయి. కవరు విప్పగానే కాలిన వార్నిష్ వాసన ముక్కు అదిరిపోయింది. టార్చి వేసి చూస్తే రెండు ఫేజుల చుట్లు బొగ్గులా ఉన్నాయి, మూడోది కొత్తదానిలా రాగి రంగులో మెరుస్తోంది. అలా ఉంటే లైన్లో ఒక ఫేజు పోయినా మోటారు మిగతా రెండిటి మీదే లాగి లాగి కాలిపోయిందని అర్థం. పాత తీగ తీసి, గాడులు శుభ్రం చేసి, కాగితం పెట్టి, కొత్త చుట్లు దించి, వార్నిష్ పోసి ఆరబెట్టాలంటే ఎంత లేదన్నా మర్నాడు సాయంత్రం. ఆయనకి గంటలో కావాలి. నా దగ్గర ఒకటే స్పేరు మోటారు ఉంది, ఇచ్చి పంపాను, అద్దె తీసుకోలేదు. తెల్లారాక చెరువు దగ్గరికి వెళ్లి స్టార్టరులో, ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు బిగించి వచ్చాను. ఆ గట్టు మీది పదకొండు చెరువుల వాళ్లూ ఇప్పటికీ మా దగ్గరికే వస్తారు. ఇప్పుడు ఆరు స్పేరు మోటార్లు ఉంచుతాను.

అయితే నెలకి రెండు రోజులు ఫోను ఆపేస్తాను, ముందే అందరికీ చెప్పి. అలా చేయకపోతే మనిషి నిలబడడు.

వరదలు, తుపాన్లు వస్తే షాపు పరిస్థితి ఏంటి?

అడ్వాన్సు ఇచ్చేముందు పక్కవాళ్లని అడగండి, ఏ ఏడు నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో షాపు పెట్టినవాళ్లు రెండోది రాకముందే సరుకు ఎత్తేయాలి. మా వైపు గోదావరి కన్నా డ్రెయిన్ల బాధ ఎక్కువ, యనమదుర్రు డ్రెయిను పొంగితే రోడ్డు మీదకి వచ్చేస్తుంది. మా షాపులో రాగి, కాగితం, ఖాతా పుస్తకం నడుము ఎత్తుకి పైనే ఉంటాయి, పుస్తకం ప్రతి పేజీ ఫోటో తీసి మా ఆవిడ ఫోన్లో ఉంటుంది. కరెంటు వచ్చీ పోతూ ఉండే ఆ వారమే మోటార్లు ఎక్కువ కాలతాయి కాబట్టి వాన మొదలవకముందే తీగ కొని పెట్టుకుంటాను.

ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఏడాదికి పది నెలలే జీతం. ఆడదాన్ని ఒక్కదాన్నే మొదలుపెట్టగలనా?

మా చెల్లెలు ఇదే పరిస్థితిలో ఉండేది. వేసవి రెండు నెలలూ జీతం లేదు, జూన్లో మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. స్కూల్లో ఉండగానే సాయంత్రం ట్యూషను మొదలుపెట్టింది, ఇరవై మంది పిల్లలయ్యాక మానేసింది. తనకి అరువు గొడవ లేదు, ఫీజు నెలకి ముందే తీసుకుంటుంది, ఆ విషయంలో నాకన్నా తెలివిగా నడుపుకుంది. డ్వాక్రా గ్రూపులో ఉంటే లోను తేలిక, కానీ గ్రూపు లోను మీ ఒక్కరిదే కాదు, మీరు ఆపితే మిగతావాళ్లు కట్టాలి, అది మనసులో పెట్టుకుని తీసుకోండమ్మా.

ఉద్యోగం లేకపోతే పిల్లని ఇవ్వం అంటున్నారు. పెళ్లయ్యాక మానేయనా?

మానేద్దామనే ఆలోచన దాచిపెట్టి పెళ్లి చేసుకోకండి. ఆ అమ్మాయికి అది అన్యాయం. సంబంధం మాట్లాడేటప్పుడే చెప్పండి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూపించండి. ఒప్పుకునేవాళ్లు తక్కువే ఉంటారు, ఉంటారు మాత్రం.

నాకు 46. ఆలస్యమైపోయిందా?

చేతిలో పనుంటే లేదు. కానీ పిల్లల చదువులూ పెళ్లిళ్లూ దగ్గర పడ్డ వయసు, ఎనిమిది నెలలు కాదు, ఏడాది ఖర్చు పక్కన పెట్టుకోండి. ఇంటి మీద అప్పు చేయకండి.

ఆషాఢంలో మొదలుపెట్టొచ్చా?

ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటే శ్రావణం దాకా ఆగండి, నెలలో ఏం పోదు. ఆ నెలలో సామాన్లు సర్దుకోండి.

పాత కంపెనీతో ఎలా ఉండాలి?

మంచిగా. నన్ను ఇబ్బంది పెట్టిన కాంట్రాక్టరు వేరు, ప్లాంటులో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జిగారు వేరు. ఆయన ఇప్పటికీ నెలకి నాలుగైదు మోటార్లు పంపిస్తారు, బిల్లు మాత్రం 45 రోజులకి వస్తుంది, అదీ లెక్కలో వేసుకోవాలి.

లెటరు ఇచ్చేశాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పు చేశానా?

నాకూ పదిహేను రాత్రులు పట్టలేదు. మా ఆవిడ లేచి కూర్చుని "రేపు ఏం చేయాలో చెప్పండి, ఏడాది సంగతి వద్దు" అనేది. మీకూ అదే చెబుతాను. రేపు పొద్దున్న పీఎఫ్ పాస్‌బుక్ ఫోటో తీసుకోండి, పేస్లిప్పులన్నీ ఒక కవర్లో పెట్టండి. ఎల్లుండి బ్యాంకుకి వెళ్లి షాపు ఖాతా తెరవండి. ఆదివారం, ఇదివరకు మీ దగ్గర పని చేయించుకున్నవాళ్లలో ముగ్గురి ఇళ్లకి వెళ్లి, ఫలానా తేదీ నుంచి పూర్తిగా ఇదే పనిలో ఉంటానని చెప్పి రండి. నేను వెళ్లిన మూడో ఇంట్లో, పెరట్లో నెల్లాళ్లుగా పడున్న మోటారు చూపించి "ఇది తీసుకుపో బాబూ" అన్నారు. భుజాన పెట్టుకుని బస్సెక్కాను.